స్క్వేర్‌కి ఎంత మిగుల్తుందన్నా?

బెంగళూరులో సొంతంగా ఇళ్లు కట్టే పనిలోకి దిగుదామనుకునే మా పక్క పిల్లలు ఈమధ్య చాలామంది ఫోన్ చేస్తున్నారు, ఎక్కువమంది డిప్లొమా సివిల్ చదివి ఏదో ఒక అపార్ట్‌మెంట్ కంపెనీలో సైట్ ఇంజనీర్‌గా ఉన్నోళ్లే, అందరూ మొదట అడిగేది స్క్వేర్‌కి ఎంత మిగుల్తుందన్నా అని. స్క్వేర్ అంటే ఇక్కడి లెక్కలో 100 చదరపు అడుగులు, 30 బై 40 సైటంటే 12 స్క్వేర్ల జాగా. ఎంత మిగుల్తుందో చివరి బిల్లు చేతికొచ్చేదాకా ఎవరికీ తెలీదు, నేను మాత్రం తిరిగి అడిగేది ఒకటే, శనివారం బట్వాడా, అంటే కూలోళ్ల వారం డబ్బులు, ఎట్లా ఇస్తావురా అని.

మా నాయన బేల్దారి మేస్త్రి. కదిరి దగ్గర మా ఊరు, అప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి సత్యసాయి జిల్లా. వానల్లేక చెనక్కాయ పోయిన ఏడు మా పక్క జనం బెంగళూరు బస్సెక్కేవాళ్లు, నాయన కూడా ఊళ్లోవాళ్లని వెంటేసుకుని వచ్చి కేఆర్ పురం వైపు గోడలు కట్టి మళ్లీ విత్తనం టైముకి ఊరికి పోయేవాడు. ఆయన తిన్నాడో లేదో గానీ శనివారం చీకటి పడకముందే కూలోళ్లకి బట్వాడా అయిపోవాల్సిందే, ఓనరు చెయ్యెత్తేసినా సరే, అప్పు తెచ్చైనా ఇస్తాడు, అమ్మ కమ్మలు మాటిమాటికీ తాకట్టులోకి పోయింది దీనికే. ఇంట్లో బియ్యం లేకుండా వాళ్లకివ్వడమేంది అని నాకు ఒళ్లు మండేది. కంపెనీలో జీతానికి చేసినన్నాళ్లూ దీని సంగతి నాకెక్కలేదు, అక్కడ సబ్ కాంట్రాక్టర్ బిల్లు ఎన్ని నెలలు ఆగినా నా జీతం ఒకటో తారీఖు పడిపోయేది కదా.

సొంతంగా దిగాక తెలిసింది ఏమంటే ఈ వ్యాపారం మొత్తం ఆ ఒక్క సాయంత్రం మీదే నిలబడుంది. విత్ మెటీరియల్ పని, అంటే కూలీతో పాటు సామాను కూడా మనమే పెట్టుకునే పని, పట్టుకుంటే ఓనరు స్టేజీల వారీగా డబ్బు ఇస్తాడు, పునాదికి ఇంత, రూఫ్ స్లాబుకి ఇంత, ప్లాస్టరింగ్‌కి ఇంత అని అగ్రిమెంట్‌లో ఉంటుంది, కానీ స్టీలు వాడు, సిమెంటు షాపోడు, స్లాబు కింద పలకలు, పోట్లు పెట్టే సెంట్రింగ్ వాడు మన స్టేజీలు చూసి ఆగరు కదా. అప్పుడు కొత్త సైటు అడ్వాన్సు తెచ్చి పాత సైటు స్టీలు బాకీ కడతారు, ఇంకో సైటు అడ్వాన్సుతో దాని సిమెంటు, ఇట్లా తిప్పుతూ పోతారు, ఒక్క ఓనరు ఒక్క నెల ఆలస్యం చేస్తే అన్ని సైట్లూ ఒకేసారి ఆగిపోతాయి. నేను చూసిన చిన్న బిల్డర్లలో రేటు తక్కువ చెప్పి మునిగినోళ్ల కన్నా ఇట్లా తిప్పి మునిగినోళ్లే ఎక్కువ. అందుకే ఏ సైటు డబ్బు ఆ సైటుకే, బ్యాంకు ఖాతాలు కూడా వేరు వేరు, ఒక సైటు అయ్యేదాకా రెండోది పునాది దాటనివ్వను. దీనివల్ల నేను పెద్దగా ఎదగలేదు అని మా బావమరిది అంటుంటాడు, నిజమే, వాడన్నది.

ఇంక పని విషయం. ఇక్కడ గోడలకి సాలిడ్ సిమెంటు బ్లాకులు వాడతాం, బయటకి 6 అంగుళాలు, లోపల 4 అంగుళాలు, నాయన చేసిన రాతి గోడకీ దీనికీ పోలికే లేదు, కాబట్టి ఆయన దగ్గర నేర్చుకున్నది గోడ కట్టడం అనుకోవద్దు. మొన్నామధ్య కాడుగోడి పక్కన ఒక స్లాబు వేస్తున్నాం, మిక్సర్ తిరుగుతోంది, రాడ్లు కింద పలకకి ఆనకుండా పెట్టే 20 ఎంఎం కవర్ బ్లాకులు అన్నీ ఉన్నాయా లేదా అని నేను వంగి చూసుకుంటూ ఒక మూల నుంచి ఇంకో మూలకి పోయి వచ్చేసరికి మిక్సర్ దగ్గర కుర్రోడు పైపు పెట్టి నీళ్లు వదిలేస్తున్నాడు, పల్చగా ఉంటే మోసేవాళ్లకి, పరిచేవాళ్లకి సులువు కదా. స్లాబుకి వేసే ఎం20 రకం కాంక్రీటు సైట్లోనే మామూలు పాళ్లలో కలిపితే 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్లు 30 లీటర్లు దాటకూడదని కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ఐఎస్ 456 కోడ్‌లోనే రాసుంది, నీళ్లు ఎక్కువైతే అవి ఆరిపోయినాక లోపల సన్న రంధ్రాలు మిగిలి బలం తగ్గుతుంది, తర్వాత వానకి స్లాబు చెమ్మ పట్టేది కూడా అందుకే. నాయన ఇవేవీ చదవలేదు, మాలు పిడికిట్లో పట్టి గట్టిగా నొక్కి తెరిచి చూసేవాడు, వేళ్ల సందుల్లోంచి కారిందంటే ఇది కాంక్రీటారా సాంబారా అని బాండ్లీ తన్నేవాడు. నేను తన్నను, నీళ్లకి కొలత బకెట్టు పెట్టి పైపు తీసేయించా, ఆ మాలు మొత్తం పక్కన పారబోయించా. గంట సేపు పని ఆగింది, ఓనరు మొహం మాడిపోయింది, సిమెంటు నష్టం నాదే. స్లాబు మీద పూత పడ్డాక ఆ గంట ఎవరికీ కనబడదు.

క్యూరింగ్, అంటే కాంక్రీటుని తడిపి ఉంచడం, దగ్గర ఇంకో తలనొప్పి, బూడిద లాంటివి కలిపి చేసే పీపీసీ సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు, స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాల, 2024 మార్చిలో ఎండాకాలం మొదట్లోనే బోర్లు ఎండిపోయి కావేరి నీళ్లు కట్టడాలకి వాడితే 5000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి వాళ్లు ప్రకటించినప్పుడు శుద్ధి చేసిన మురుగు నీటి ట్యాంకర్లు తెప్పించుకుని గోనె పట్టలు తడిపి కప్పుకున్నాం. పనోళ్ల సంగతి అయితే మా పక్కోళ్లు ఇప్పుడు తక్కువ, సెంట్రింగ్, రాడ్ పని బీహార్, బెంగాల్ వాళ్లది, బీహార్ వాళ్లు ఛఠ్ పండక్కి పోతారు, మావాళ్లు కదిరి నరసింహస్వామి తేరుకి పోతారు, క్యాలెండర్ దగ్గర పెట్టుకునే స్లాబు డేటు వేసుకుంటా. బట్వాడా హిందీలో ఇచ్చినా తెలుగులో ఇచ్చినా శనివారమే.

ఇంకొకటి, ప్లాన్. నాయన కాలంలో ఊళ్లో ముగ్గు పోసి దారం పట్టిందే ప్లాను. ఇక్కడ 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఓసీ, అంటే ఇల్లు ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లేదంటే కరెంట్ కనెక్షన్ దగ్గర ఆగిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి, తర్వాత చిన్న సైట్లకి సడలింపులు వచ్చినా ప్లాను దాటి కట్టడం మాత్రం పాత అలవాటే, ఓనరు బాల్కనీ రెండడుగులు ముందుకి లాగమంటాడు, పైన ఇంకో ఫ్లోరు వేసి పీజీ హాస్టల్‌కి ఇద్దామంటాడు, ఏమైనా అయితే మాత్రం బిల్డరు చెప్పలేదు అంటాడు. ప్లాను ప్రకారమే కడతానని మొదటి పేజీలోనే రాసి సంతకం పెట్టించుకుంటా. హొరమావు దగ్గర ఒకాయన సంతకం పెట్టను, అందరూ కడుతున్నారు నీకేం పోయింది అన్నాడు, కర్ణాటకలో ఉండి ఇన్ని రూల్సు మాట్లాడే ఆంధ్రావాడిని నిన్నే చూశా అని కూడా అన్నాడు, నవ్వి అడ్వాన్సు వెనక్కిచ్చేశా. ఆ పని వేరేవాళ్లు పట్టుకున్నారు, ఇప్పుడు మూడో ఫ్లోరు లేస్తోంది.