క్వీన్ సైజు బొంతకు మంగళగిరి అంచు: లెక్కలు, మూలలు

బొంత నడిమి భాగం పూర్తయింది. 9 అంగుళాల బ్లాకులు (చదరపు ముక్కలు) అడ్డంగా ఏడు, నిలువుగా ఎనిమిది. పెడన కలంకారీ ప్రింట్లు, మధ్యమధ్యలో సాదా కాటన్. మొత్తం 63 × 72 అంగుళాలు. మా మంచమేమో 60 × 78. ఇలాగే పరిస్తే పక్కలకు అంగుళన్నర మించి దిగదు. సైజు కోసమైనా బోర్డర్ వేయక తప్పదు. మా ఇంట్లో పెద్దవాళ్ల బొంతలకు ఈ బాధ లేదు. పాత చీరలు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, చేత్తో వరసలుగా కుట్టేసేవారు.

రెండు పక్కలా పదేసి అంగుళాలు కలిపితే వెడల్పు 83 అవుతుంది. పరుపు మందం దాటి కాస్త కిందికి దిగుతుంది, అది చాలు. పది అంగుళాలూ ఒకే రంగు పెట్టి చూస్తే బరువుగా అనిపించింది. అందుకని లోపల 2 అంగుళాల ఆవ రంగు పట్టీ, బయట 8 అంగుళాల వెడల్పాటి పట్టీ అనుకున్నాను. కుట్టుకు రెండు వైపులా పావు అంగుళం పోతుంది కాబట్టి కత్తిరింపు రెండున్నర, ఎనిమిదిన్నర.

బయటి పట్టీకి ముందు తాను గుడ్డ అనుకున్నాను. నాలుగు వైపులకూ కలిపి 318 అంగుళాలు కావాలి. 44 అంగుళాల పన్నా గుడ్డను అడ్డంగా కోస్తే ఎనిమిది పట్టీలు, వాటికి అతుకులు. పొడుగునా కోస్తే రెండుంపావు మీటర్లలో అతుకు లేకుండా నాలుగూ వచ్చేస్తాయి. పైగా పడుగు దారం (పొడుగునా ఉండే పోగు) వైపు గుడ్డ అంతగా సాగదు, పేక (అడ్డ పోగు) వైపు సాగుతుంది. బోర్డర్ సాగితే ఉతికాక అంచులు అలలు తేలతాయి. గుడ్డ కాస్త ఎక్కువైనా సరే, పొడుగు కోతే నయం.

ఆ లెక్క వేస్తుండగానే బీరువాలోని పాత మంగళగిరి చీర గుర్తొచ్చింది. నేరేడు రంగు, చిన్న గోపురాల నిజాం బోర్డర్. చీర అంచు మొత్తం పడుగు వైపే కదా, ఐదున్నర మీటర్లు, అదీ రెండు పక్కలా! వెలుతురుకు పట్టి చూశాను, పలచబడ్డ చోటు లేదు.

అయితే చీర అంచు పెడితే మూలల సంగతి వేరే. సాదా గుడ్డకు పట్టీని పట్టీకి నిటారుగా ఆనించి కుట్టేస్తే సరిపోతుంది. గీతలు, గోపురాలు ఉన్న అంచు అలా కుడితే మూల దగ్గర డిజైన్ తెగిపోతుంది. ఐమూలగా కలపాలి. దానికి ప్రతి పట్టీ మామూలు కన్నా పొడుగు ఉండాలి.

నేలమీద పరిచి చూపిస్తే అత్తయ్య ఒక్కమాట అన్నారు: "తలవైపు జరీ ఎందుకమ్మా, గడ్డానికి గీసుకుంటుంది." నిజమే. దాంతో అసలు ప్లాన్ మారింది. తలవైపు ఆవ రంగు 2 అంగుళాల పట్టీ ఒక్కటే, జరీ అంచు మూడు వైపులే. పొడవు 84 అవుతుంది. దిండ్లు వదిలేసి కప్పుకుంటాం కాబట్టి కాళ్ల దగ్గర వేలాడడానికి బోలెడు మిగులుతుంది. ఐమూల మూలలు కూడా నాలుగు కాదు, రెండే. ఈ లాభం నాకు బాగా నచ్చింది.

కొత్త లెక్క: పక్క పట్టీ 74 + 10, చేతిలో 3 అంగుళాలు అదనం, కాళ్లవైపు పట్టీ 63 + 20, అదనం 4. మూడూ 87 అంగుళాలే అయ్యాయి. కొంగు వదిలేసినా చీర పై అంచులో రెండు పట్టీలు వస్తాయి, కింది అంచులో ఒకటి. కింది అంచుకు ఫాల్ ఉండేది. విప్పాక సూది రంధ్రాలు, అక్కడక్కడ రంగు తేడా కనిపించాయి. ఆ పట్టీని కాళ్లవైపు వేశాను.

కోసే ముందు చీర ఉతికి పలచటి గంజి పెట్టాను. మెత్తటి నేత గంజి లేకపోతే కత్తెర కింద జారిపోతుంది. ఇస్త్రీ జరీ మీద నేరుగా కాదు, పైన నూలుగుడ్డ వేసి, వేడి తగ్గించి.

కొలత తీసేటప్పుడు అంచుల దగ్గర టేపు పెట్టి వదిలేయకూడదు. నా బొంతకు పక్కల కొలత మధ్య కొలత కన్నా అర అంగుళం ఎక్కువ వచ్చింది. పట్టీ మీద మధ్య కొలతే గుర్తుపెట్టి, రెంటినీ నాలుగు భాగాలుగా మడిచి, గుర్తులు కలిపి గుండుసూదులు గుచ్చాను. ఆ అర అంగుళం కుట్టులో సర్దుకుపోయింది.

ఆవ పట్టీ, జరీ పట్టీ ముందే జతచేసి ఒకే పట్టీగా కుట్టాను. మూలకు పావు అంగుళం ముందే కుట్టు ఆపి, బొంతను ఐమూలగా మడిచి, స్కేలుతో 45 డిగ్రీల గీత గీసి, లోపలి నుంచి బయటికి కుట్టాను. ఆవ పట్టీ గీత రెండు వైపులా కలిసిందని విప్పి చూసుకున్నాకే మిగులు కత్తిరించాను.

అడుగు గుడ్డకు నాలుగు పక్కలా 4 అంగుళాలు అదనంగా చూసుకుంటే 91 × 92 కావాలి. 44 పన్నా గుడ్డ రెండు వరసలు చాలవు. చీర నడిమి భాగం 28 అంగుళాల వెడల్పున మిగిలే ఉంది. దాన్ని రెండు వరసల మధ్య వేస్తున్నాను. జరీ మీద క్విల్టింగ్ కుట్టు (పొరలన్నీ కలిపి వేసే కుట్టు) వేయను. దాని పక్కనే ఒక వరస వేసి, మిగతా నేరేడు రంగు మీద అంచుకు సమాంతరంగా గీతలు నడిపిస్తాను.