ఫోను సభ

మా భాషా సదస్సు ఈసారి విశాఖపట్నంలో ప్రత్యక్షంగానే జరుగుతుందనీ, ఆన్‌లైన్ లింకు ఎవరికీ ఇవ్వబోమనీ సాయంత్రం మెయిలు వచ్చింది. చదివి సంతోషించాను. చారుకు పోపు పెడుతున్నంతసేపూ ఆ సంతోషం నిలిచింది. భోజనాల దగ్గర అత్తయ్య, "నీ ఫోను సభ ఈ ఏడు ఎప్పుడమ్మా?" అని అడిగారు. ఈసారి ఫోనులో ఉండదని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనకుండా మజ్జిగ పోసుకున్నారు. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

ఆన్‌లైన్ సభల మీద నాకు మొదటినుంచీ కోపమే. 2020 కరోనా వేసవిలో రోజుకు మూడు నాలుగు వెబినార్ల పోస్టర్లు వాట్సాప్‌లో వచ్చిపడేవి. వక్త ఇంకా నమస్కారాలలో ఉండగానే చాట్‌లో "ఫీడ్‌బ్యాక్ లింకు పెట్టండి సార్" అనే మాట మొదలయ్యేది, ఎందుకంటే ఆ ఫారం నింపినవారికే ఈ-సర్టిఫికెట్ వస్తుంది. లింకు రాగానే సగం మంది వెళ్ళిపోయేవారు. ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో పంటలను ఏయే పేర్లతో పిలుస్తారో మూడు వేసవులు తిరిగి సేకరించి రాసిన నా పత్రాన్ని అలాంటి సభలోనే చదివాను. ప్రశ్నలను చాట్‌లో పెట్టమన్నారు. చాట్ నిండా "నైస్ ప్రెజెంటేషన్ మేడమ్" అన్న మాట తప్ప ఒక్క ప్రశ్న లేదు. అదే ఎదురెదురుగా జరిగిన సభ అయితే, టీ విరామంలో ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని దగ్గరకు వచ్చి, "మా ఊళ్ళో దాన్ని అలా అనరండీ" అని ఉండేవారు. మాటలు పోగుచేసే పనిలో ఉన్నవారికి ఆ ఒక్క వాక్యం చాలు, ప్రయాణం దక్కినట్టే. ఈ ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు మాట్లాడేవారి ఎదుట కూర్చునే నేర్చుకున్నారు కదా అని ఆ రాత్రి బాధపడ్డాను.

ఆ ఏడాది పెద్ద పెద్ద సభలకే దిక్కు తోచలేదు. మార్చి 2న డెన్వర్‌లో మొదలు కావలసిన అమెరికా భౌతికశాస్త్రవేత్తల సమావేశాన్ని సరిగ్గా ఆ ముందు వారాంతంలో రద్దు చేశారు. ఏప్రిల్‌లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో జరగవలసిన ఐసీఎల్ఆర్ అనే కృత్రిమ మేధ సదస్సును మాత్రం మొత్తంగా ఆన్‌లైన్‌కు మార్చి, పత్రాల ప్రసంగాలను ముందుగానే రికార్డు చేయించి, అందరూ తెరమీద ఒకేసారి కలిసే సమయాన్ని ప్రశ్నలకు, చర్చకు అట్టిపెట్టారు. మనవాళ్ళు సరిగ్గా దానికి తలకిందులుగా, ఉన్న సమయమంతా పత్రాలు చదివించి ప్రశ్నలను వదిలేశారు. లోపం తెరలో లేదు, వాడిన తీరులో ఉంది. ఇన్నాళ్ళూ నేను తెరనే తిట్టాను.

ఇది రాస్తూ ఉంటే ఇంకొకటి తోస్తోంది. కెనడా లాంటి చోట్ల జరిగే సభలకు ఆఫ్రికా పరిశోధకులకు వీసాలు దొరకడం కష్టమవుతూ ఉన్న రోజుల్లో ఆ ఐసీఎల్ఆర్ సదస్సు ఆఫ్రికాలో జరగవలసి ఉంది. చివరికి అక్కడ జరగలేదు, కానీ ఆన్‌లైన్ కావడంతో అందులో పాల్గొనడానికి ఎవరికీ వీసా అవసరం లేకపోయింది. మూడు రోజుల సెలవు, పిల్లల పరీక్షలు, అత్తయ్య ఇన్సులిను అంటూ అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఏ సభకూ వెళ్ళని నేను, రైళ్ళు ఆగిపోయి, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వెళ్ళాలన్నా సరిహద్దులో ఆపేసిన ఆ రోజుల్లోనే కదా సభల్లో కూర్చున్నాను.

వాటిలో ఒకటి ఆగస్టు చివర, గిడుగు వారి జయంతి రోజుల్లో జరిగింది. అరుగు మీద కుంచానికి ఫోను ఆనించి కూర్చున్నాను. పక్కన అత్తయ్య చేటలో బియ్యం ఏరుతున్నారు. హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు ఉత్తరాంధ్ర పంటల మీద పత్రం చదువుతూ, గంటెలంటే రాగులని చెప్పాడు. మైకు తెరిచి ఉన్న సంగతి నేను చూసుకోలేదు. "గంటెలు సోళ్ళెలాగవుతాయి బాబూ? గంటెలు ఏరు, సోళ్ళు ఏరు. సోళ్ళ కంకి గుప్పిట మూసినట్టుంటాది, గంటి కంకి పొడుగ్గా నిలబడుంటాది" అన్నారు అత్తయ్య. నేను కంగారుగా మైకు కోసం వెతుకుతుంటే, ఆ కుర్రవాడు, "ఆపకండి మేడమ్, అమ్మగారిని మాట్లాడనివ్వండి" అన్నాడు. గంటెలంటే సజ్జలనీ, సోళ్ళంటే రాగులనీ అప్పటికప్పుడు దిద్దుకుని, విత్తడం గురించి, నూర్చడం గురించి ఒక్కొక్కటే అడిగాడు. పొలం తప్ప సభ ఎరుగని మనిషి, అంతమంది చదువుకున్నవారికి ఏ జంకూ లేకుండా చెబుతూ పోయారు. విత్తనానికి దాచే కంకుల దగ్గరకు వచ్చేసరికి తెర ఆగిపోయింది. నిర్వాహకులది ఉచిత జూమ్ ఖాతా, దాని గడువు 40 నిమిషాలే. ఆవిడకు అది తెలియక ఇంకా కాసేపు ఫోనుతో మాట్లాడుతూనే ఉన్నారు. మళ్ళీ చేరేసరికి తరువాతి వక్తను పిలిచేశారు. అత్తయ్య మాట ఏమైందని ఎవరూ అడగలేదు.

అంటే నేను టీ గ్లాసుల దగ్గర వెతుక్కున్న ఆ వాక్యం వచ్చింది ఆ ఫోనులోంచే, అదీ మా అరుగు మీదనుంచి. ఈవిడ ఇప్పుడు వీధి గుమ్మం దాకా రావడానికే గోడ పట్టుకుంటున్నారు. విశాఖపట్నం హాలులో ఆవిడను కూర్చోబెట్టడం నా తరం కాదు.

విశాఖపట్నం సదస్సులో పంటల పేర్ల మీద జరిగే ఒక్క పూటకైనా లింకు ఇవ్వమని మెయిలు రాశాను, పొద్దున్న మరోసారి చదువుకుని పంపిస్తాను. అది రాస్తుండగానే గుర్తొచ్చింది, విత్తనపు కంకులను ఎలా దాచేవారో ఆ రోజు తెగిపోయిన మాటను ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు. ఆవిడ అయిదింటికి లేస్తారు. నోటుపుస్తకం, పెన్ను అరుగు మీద పెట్టి వచ్చాను.