జయప్రకాశ్ రెడ్డి పలికిన సీమ మాట

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దావలో సిరివెళ్ల వస్తుంది. సినిమా, నాటక నటుడు జయప్రకాశ్ రెడ్డి పుట్టింది అక్కడే. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 2020 సెప్టెంబర్ 8న ఆయన గుంటూరులో గుండెపోటుతో పోయినప్పుడు, రాసినవాళ్లంతా రాయలసీమ యాసకు పేరు తెచ్చినాడనే రాసినారు. నిజమే. కానీ ఆ యాసను ఎట్ల పలికినాడో విడమరచి చెప్పినవాళ్లు తక్కువ. కాలేజీ పోటీల్లో సీమ పెద్దమనిషి వేషం కట్టే పిల్లోళ్లంతా ఈయన్నే పట్టుకుంటారు. వాళ్లకు పనికొస్తుందని ఇది.

ముందు మనిషి సంగతి. తండ్రి పోలీసు ఎస్సై, నాటకాలాడినవాడు కూడా. తండ్రి బదిలీలతో చదువు కొంత నెల్లూరులో, కొంత అనంతపురంలో సాగింది. తర్వాత గుంటూరులో లెక్కల మాస్టారు పని, పక్కనే నాటకాలు. నల్లగొండలో నాటకం చూసిన దాసరి నారాయణరావు నిర్మాత రామానాయుడి చెవిన వేస్తే, 1988లో 'బ్రహ్మపుత్రుడు' దొరికింది. ఆ తర్వాత పాతిక సినిమాల దాకా చేసినా ఇల్లు గడవలేదు. 1992లో మళ్లీ గుంటూరు పోయి సుద్దముక్క పట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి, తెరమీద ముఖం చూపించుకున్నాక తిరిగి తరగతి గదికి పోవడం చిన్న విషయం కాదు. 1997లో రామానాయుడి సంస్థే మళ్లీ పిలిచింది. ఆ సినిమా 'ప్రేమించుకుందాం రా'. అక్కడి నుంచి 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), ఇక వెనక్కి చూసుకునే పని లేకపోయింది.

ఇప్పుడు యాస. పదాలు మార్చితే చాలనుకుంటారు. 'ఎక్కడ'ను 'యాడ' చేస్తారు, 'కొంచెం'ను 'రోంత', 'చాలా'ను 'శానా' చేస్తారు, మిగిలిన వాక్యాన్ని బెజవాడకు వదిలేస్తారు. 'యాడికి వెళ్తున్నావు?' అని సీమలో ఎవరూ అడగరు. 'యాడికి పోతాండావ్?' అంటారు. యాస ఉండేది క్రియలో. 'వచ్చాడు' అనరు, 'వచ్చినాడు' అంటారు. 'చెప్పాను' అనరు, 'చెప్పినా' అంటారు. స్క్రిప్టు చేతికి రాగానే పెన్సిలు తీసుకొని ముందు క్రియల కింద గీతలు గీయండి, వాటిని మార్చండి. అవి కుదిరితే మామూలు పదాలు అట్లే ఉన్నా మాట సీమదే అవుతుంది. అవి కుదరకపోతే వాక్యానికి నాలుగు 'రోంత'లు వేసినా అతకదు.

పిలుపుల దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. కర్నూలు, అనంతపురం వైపు 'ఏమప్పా' ఎక్కువ, కడప వైపు 'అబ్బీ' వినిపిస్తుంది. ఒకే పాత్ర నోట అన్నీ కుమ్మరిస్తే ఆ మనిషికి ఊరు లేకుండా పోతుంది. సీమలో తాతను 'అబ్బ' అనీ అవ్వను 'జేజి' అనీ పిలిచే ఇండ్లు శానా ఉన్నాయి. రాసినాయనకు ఇది తెలియక 'తాతయ్య' అని పెడితే, రిహార్సల్లోనే అడిగి మార్పించుకోవాలి.

ఇక గొంతు. 'ఏమిరా' అనే ఒక్క మాట తీసుకోండి. 'ఏ' మీద బరువు పడాలి, 'మి' దాదాపు మింగేయాలి, 'రా' సాగాలి. అనుకరించేవాళ్లు బలమంతా 'రా' మీద పెట్టి అరుస్తారు. రెండో సీనుకే గొంతు పోతుంది, మూడో సీనులో బెదిరించడానికి ఏమీ మిగలదు. ఊపిరి పొట్ట నుంచి తీసుకొని, మాటకు ముందు అరక్షణం ఆగితే అరుపు అవసరమే రాదు. సీమ పెద్దమనిషి అరుగు మీద కూచొని మాట్లాడేటప్పుడు చూడండి, ఎదుటివాడు ముందుకు వంగి వినాల్సి వస్తుంది. జయప్రకాశ్ రెడ్డి పెద్ద కళ్లు చేసే పని సగం ఆ ఆగిన అరక్షణంలోనే జరుగుతుంది.

హాస్యంలోనూ ఆ బరువును ఆయన తగ్గించలేదు. 'రెడీ' (2008) చూడండి. గొంతూ ముఖమూ విలన్‌వే, పరిస్థితి మాత్రం అతన్ని ఆడుకుంటుంది. తన మీద జనం నవ్వుతున్నారని పాత్రకు తెలియకూడదు. తెలిసినట్టు ఒక్క చిరునవ్వు జారినా సీను చప్పబడుతుంది.

నాటకాన్ని ఆయన ఎప్పుడూ వదల్లేదు. 'అలెగ్జాండర్' అని ఏకపాత్ర నాటకం, రిటైరైన మిలిటరీ మనిషి ఫోన్లలో జనం బాధలు వింటాడు. స్టేజీ మీద ఆయనొక్కడే, గంటన్నర దాటి. ఫోను సీను ఆడేవాళ్లు చేసే పెద్ద తప్పు, అవతలి మనిషి అన్న ప్రతి మాటనూ 'ఏమన్నావ్, డబ్బులు లేవా?' అని తిరిగి చెప్పడం. రెండుసార్లకు మించితే ప్రేక్షకుడికి విసుగు. దానికి బదులు అవతలి మాటలను కాగితం మీద పూర్తిగా రాసుకొని, రిహార్సల్లో ఇంకొకరి చేత చదివించుకోవాలి. తర్వాత ఆ మనిషిని తీసేయాలి, వినే సమయం మాత్రం ఒంట్లో ఉండిపోతుంది. లేకపోతే రెండు వాక్యాల ప్రశ్నకు ఒక్క క్షణంలో జవాబు చెప్పేస్తారు, అటు ఎవరూ లేరని సభ మొత్తానికి తెలిసిపోతుంది.

'సమరసింహారెడ్డి' లాంటి ఫ్యాక్షన్ సినిమాల కథల వల్ల సీమ బిడ్డ నోరు తెరిస్తే హాస్టల్లో 'సుమోలు ఎగరేస్తావా' అని అడిగే రోజులు వచ్చినాయి. ఆ బాధ నిజం. కథలు కత్తుల చుట్టూ తిరిగింది రాసేవాళ్ల వల్ల, తీసేవాళ్ల వల్ల. ఆయన వంతుకు వచ్చిన మాటను మాత్రం ఎగతాళి కానీయలేదు. అదే గొంతుతో ఒక రైతునో, ఆయన బతికిన బతుకే అయిన లెక్కల మాస్టారునో పెద్ద పాత్రగా రాసి ఉంటే ఎంత బాగుండేదో.

మీ పాత్ర సిరివెళ్ల వైపు మనిషైతే ఆదోని మార్కెట్ యార్డుకు పోయి వినొద్దు, అక్కడి మాటలో కన్నడం కలుస్తుంది. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఆగేచోట గంటసేపు గమ్మున కూచోండి. క్రియలు మాత్రం రాసుకోండి.