నడిమి కెమెరా

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

కొత్త కెమెరా కొనే ముందు ఇంట్లో ఒక మాట ఇచ్చాను. పాతవి రెండూ అమ్మేస్తానని, ఆ డబ్బు దీంట్లో కలుస్తుందని. నాలుగు నెలలైంది. ఈ రోజు పొద్దున ఆయన అలమర సర్దుతూ పాత కెమెరాల పెట్టె తీసి నా ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. నేనూ నాలుగు మాటలు అనేదాన్ని, పని వచ్చే నెలకి వాయిదా పడేది.

పెట్టెలో రెండు నికాన్‌లు. పెద్దది డి90, నేను ఫోటోలు తీయడం నేర్చుకున్నది దాంతోనే. నడిమిది డి5600, దాని తర్వాత కొన్నది. ఇప్పుడు చేతిలో ఉన్న కొత్తది జెడ్ఎఫ్. డి90 బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంది, చార్జింగ్‌లో పెట్టాను. సిలికా జెల్ సంచిలో నీలంగా ఉండాల్సిన గింజలు ఎప్పుడో గులాబీ రంగుకి తిరిగాయి, నేను మార్చలేదు. భయం వేసి లెన్స్‌లు ఒక్కొక్కటే తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూశాను. ఫంగస్ పడితే లోపలి అద్దం మీద సాలెగూడులా సన్నటి తీగలు కనబడతాయి. ఏమీ లేవు. ఇందులో నా గొప్పేమీ లేదు, అదృష్టం.

ఏది అమ్మాలి, ఏది ఉంచాలి అన్నదానికి చాలామంది చెప్పే లెక్క ఒకటుంది: ఏడాదిగా ముట్టుకోని వస్తువు నీది కాదు, పంపించేయ్. ఆ లెక్కన డి90 ముందు పోవాలి. దాన్ని ముట్టుకుని ఏడాదిన్నర పైనే అయింది. డి5600 అయితే జెడ్ఎఫ్ వచ్చే ముందు వారం దాకా పని చేస్తూనే ఉంది. మధ్యాహ్నం దాకా నేనూ అదే అనుకున్నాను, పెద్దది అమ్మి నడిమిది ఉంచుకుందామని. ఏదైనా అవసరానికి చేతికింద ఇంకో కెమెరా ఉండాలి కదా, అది తేలిక కూడా. బ్యాటరీ, కార్డుతో కలిపి డి5600 బరువు 465 గ్రాములు. జెడ్ఎఫ్ అలాగే తూస్తే 710. రోజంతా మెడలో వేసుకు తిరిగేవాళ్లకి ఈ తేడా చిన్నదేమీ కాదు.

తర్వాత 50 ఎం.ఎం. లెన్స్ చేతికి తగిలింది. అక్కడే లెక్క తిరగబడింది.

అది పాత ఏఎఫ్-డి రకం. దాంట్లో మోటార్ లేదు. ఫోకస్ తిప్పే మోటార్ కెమెరా బాడీలో ఉంటుంది. లెన్స్ తగిలించే రింగుని మౌంట్ అంటారు, దాని అంచున స్క్రూడ్రైవర్ మొనలాంటి చిన్న ముక్క ఒకటి బయటికి పొడుచుకుని వచ్చి, లెన్స్ వెనకున్న గాడిలో పడి తిప్పుతుంది. డి90లో ఆ మొన ఉంది. డి5600లో లేదు. జెడ్ఎఫ్‌కి పాత లెన్స్‌లు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. అంటే ఈ లెన్స్ ఆ రెండింటికీ ఎక్కుతుంది, ఫోటో కూడా వస్తుంది, కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

తమాషా ఏంటంటే ఇది అటు నుంచి కూడా అంతే. డి5600తో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఏఎఫ్-పి రకం. దాని మోటార్ లెన్స్‌లోనే ఉంది, ఫోకస్ రింగ్ కూడా కరెంటు మీదే నడుస్తుంది. దాన్ని డి90కి తగిలిస్తే, చేత్తో తిప్పినా ఫోకస్ కదలదు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచీ ఒకటే. లోహపు రింగులు రెండూ చక్కగా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, టిక్‌మని చప్పుడు కూడా అవుతుంది. మాటలే ఉండవు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు చుట్టాలు పెళ్లిలో పక్కపక్కన కూర్చుని పలకరించుకోనట్టు.

నిజం చెప్పాలంటే జెడ్ఎఫ్ మీద ఈ 50 చేత్తో తిప్పుకోవడం నాకు ఇష్టమే. తెర మీద పెద్దది చేసి చూపిస్తుంది, బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంది, చేయి వణికినా సర్దుకుంటుంది. కూర్చున్న మనిషినో, కిటికీ మీద వెలుగునో తీయడానికి హాయి. పరిగెత్తే పిల్ల మాత్రం నేను రింగు తిప్పేదాకా ఆగదు.

కాబట్టి నన్ను నేను వేసుకోవాల్సిన ప్రశ్న ‘దేన్ని ఎక్కువ వాడాను’ అన్నది కాదు. కొత్తది చేయలేని పని ఈ రెండింట్లో ఏది చేస్తుంది? డి5600తో నేను చేసేవన్నీ జెడ్ఎఫ్ చేస్తుంది, ఆ బరువు ఒక్కటి తప్ప. తేలిగ్గా పోవాలనుకున్న రోజు నేను ఎలాగూ ఫోనే తీసుకుపోతున్నాను, నాలుగు నెలల ఫోల్డర్ చూస్తే తెలుస్తూనే ఉంది. ‘అవసరానికి’ అన్న మాట కూడా కాస్త గీకి చూశాను. నేను పెళ్లిళ్లకి ఫోటోలు తీసేదాన్ని కాదు, మధ్యలో కెమెరా ఆగిపోతే కొంప మునగదు. పైగా ఇంకా విలువ ఉన్నది నడిమిదే, ఆ విలువ అలమరలో కూర్చుని కరిగేదీ దానిదే. 2008 నాటి డి90 కరగాల్సిందంతా ఎప్పుడో కరిగిపోయింది. ఇప్పుడు అమ్మినా ఒకటే, అయిదేళ్ల తర్వాత అమ్మినా ఒకటే. డబ్బు కోసమని దాన్ని ముందు అమ్మడం ఎంత తెలివితక్కువో కాగితం మీద రాసుకుంటే గాని నాకు అర్థం కాలేదు.

డి90 వీడియో తీసే మొట్టమొదటి డీఎస్ఎల్ఆర్ అని అప్పట్లో ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్లమో. 720పి, సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ముక్క అయిదు నిమిషాలు మించదు, తీస్తున్నంతసేపూ ఆటోఫోకస్ ఉండదు. ఇప్పుడు చెబితే మా అమ్మాయి, ఇంట్లో చిన్నది, నవ్వింది. కానీ హాల్లో గోడ మీదున్న పెద్ద ఫోటో దాంతో తీసిందే, 12.3 మెగాపిక్సెళ్లు, 18 అంగుళాల వెడల్పున ప్రింట్ వేయించాను. ఇంటికొచ్చిన వాళ్లెవరూ మెగాపిక్సెళ్లు తక్కువయ్యాయని అనలేదు.

ఆయనకి ఈ లెక్కంతా వివరించాను. విని, "మూడు కెమెరాలు. నువ్వు చూసేది ఒంటి కన్నుతో" అన్నారు. తర్వాత సరైన మాటే అడిగారు, "నడిమిది చిన్నదానికి ఇవ్వచ్చు కదా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. అందుకే దాన్నే పిలిచి రెండూ చేతిలో పెట్టాను. డి5600 తీసుకుని తెర అటూ ఇటూ తిప్పింది, ఆటోలో పెట్టి పది ఫోటోలు తీసి, "బాగుందమ్మా, ఫోన్‌లాగే ఉంది" అని కింద పెట్టేసింది. అప్పటికి డి90 బ్యాటరీ ఎక్కింది. 50 తగిలించి ఇచ్చాను. షట్టర్ మీట సగం నొక్కగానే ఆ మొన తిరిగి జర్ర్‌మంది. ఉలిక్కిపడి, మళ్లీ నొక్కింది. ఆ లెన్స్‌లో జూమ్ లేదు, డి90 సెన్సర్ చిన్నది కాబట్టి, పెద్ద సెన్సర్ మీద 75 ఎం.ఎం. లెన్స్ చూసినంత ఇరుకుగా చూస్తుంది. నాన్న మొహం మొత్తం ఫ్రేములో పట్టడానికి వెనక్కి వెనక్కి నడుస్తూ తలుపుకి గుద్దుకుంది. అరగంట దాకా ఇవ్వలేదు. రేపటికి మర్చిపోతుందేమో, పిల్లల సంగతి చెప్పలేం. కానీ నా తీర్పుకి ఒక సాక్షి దొరికింది.

మధ్యాహ్నమంతా నడిమిదాన్ని పంపే పని. షట్టర్ కౌంట్, అంటే కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందన్న లెక్క, ఫోటో ఫైల్లోనే దాగి ఉంటుంది, కంప్యూటర్‌లో తీసి చూస్తే ఇరవై ఒక్క వేల చిల్లర. డి90ది ఎనభై ఏడు వేలు దాటింది. దాని షట్టర్‌ని కంపెనీ లక్ష వరకు పరీక్షించానని చెప్పుకుంది, అంటే ముసలావిడకి ఇంకా ఊపిరి ఉంది. డి5600లో ఫోన్‌తో ఉన్న జత తీసేశాను, కాపీరైట్ దగ్గర నా పేరు చెరిపేశాను, సెట్టింగులు మొదటికి తెచ్చాను. కార్డు మాత్రం ఇవ్వను. మామూలుగా ఫార్మాట్ చేసిన కార్డులోంచి ఫోటోలు వెనక్కి తీయడం పెద్ద విద్యేమీ కాదు, అందులో మా ఇంటి ఏళ్లన్నీ ఉన్నాయి. కిట్ లెన్స్ దాంతోనే పోతుంది, ఇక్కడ ఉంచితే దాంతో మాట్లాడేవాళ్లు తక్కువ. జెడ్ఎఫ్‌కి అడాప్టర్‌తో తగిలిస్తే పని చేస్తుంది గానీ, చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్స్ కాబట్టి సెన్సర్‌లో మధ్య భాగమే వాడుకుని సుమారు 10 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది.

బాడీ క్యాప్, లెన్స్ తీశాక కెమెరాకి పెట్టే మూత, ఎంత వెతికినా దొరకలేదు. చార్జర్ వైరు కూడా దొరకలేదనుకున్నాను, అది స్పీకర్ వెనక దొరికింది.

దాన్ని తుడుస్తున్నప్పుడు కాస్త బాధ వేసిన మాట నిజం. ఏ తప్పూ చేయలేదు పాపం. తేలిక, శుభ్రంగా పని చేసింది, ఎన్ని ఊళ్లు తిరిగిందో. పెద్దదానికి జ్ఞాపకాలున్నాయి, కొత్తదానికి మోజు ఉంది, నడిమిదానికి మంచి పేరు తప్ప ఏమీ లేదు.

అమ్మకానికి ఫోటోలు కావాలి కదా. నేను తీస్తానంటే చిన్నది ఒప్పుకోలేదు. టేబుల్ మీద తెల్ల దుప్పటి పరిచి, డి5600ని నాలుగు వైపులా తిప్పి, తనే డి90తో తీసింది. రెండు కొంచెం వంకరగా ఉన్నా బాగానే వచ్చాయి. తెలిసిన ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెడదామని ఇప్పుడే కంప్యూటర్‌లోకి దింపాను. అప్పుడు గమనించాను, డి90లో గడియారం ఎవరమూ సరిచేయలేదు. బ్యాటరీ లేక ఇన్నాళ్లు పడి ఉండటంతో దాని తేదీ మళ్లీ మొదటికి పోయింది. 2016లో వచ్చిన డి5600, ఆ ఫైళ్ల ప్రకారం, పుట్టకముందే మా టేబుల్ మీద అమ్మకానికి కూర్చుని ఉంది.

మార్చాలా అని ఒక నిమిషం ఆలోచించి, అలాగే పంపేశాను. మొదటి జవాబు అప్పుడే వచ్చింది. నమస్కారం లేదు, పలకరింపు లేదు, "లాస్ట్ రేటు?" అని.