నువ్వుల సద్ది

సకినాలు తిన్నప్పుడల్లా నాలుక కొస దురద పెట్టేది, పెదవులు చిమచిమలాడేవి. "వేడి చేసింది బిడ్డా, మజ్జిగ తాగు" అనేది అమ్మ. తాగితే తగ్గేది. (మజ్జిగ తాగకున్నా తగ్గేదని తర్వాత తెలిసింది.) మన దగ్గర వంకాయకు దురదొచ్చినా, పెరుగుకు జలుబు చేసినా, పప్పుకు కడుపుబ్బినా ఒక్కటే మాట, "పడదు" అని. ఆ మాట చాటున నా నువ్వుల అలర్జీ పదేండ్లు దాక్కుంది.

మూడేండ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర గంటన్నర ఆడి, బతుకమ్మను సాగనంపి సద్దులు పంచుకున్నాం. నువ్వుల సద్ది నాలుగు ముద్దలు తిన్నాను. పది నిమిషాలకు అరచేతుల్లో మంట, ఆ వెంటనే మెడ మీద దద్దుర్లు. పట్టుచీర ఉక్కకేమో అనుకున్నాం. అంతలోనే వాంతి, గొంతు బిగుసుకుపోయి మాట గరగర. వదినె నన్ను ఆటోలో ఎక్కించింది.

మొదట వెళ్లిన చిన్న దవాఖానలో అలర్జీ ఇంజెక్షన్ ఒక్కటి వేసి కూర్చోమన్నారు. దద్దుర్లు పలచబడ్డాయి, ఊపిరి మాత్రం అందలేదు. రెండో చోట డాక్టరమ్మ బీపీ చూసి ఇంకేం అడగలేదు, తొడ బయటివైపు కండలోకి అర మిల్లీగ్రాము అడ్రినలిన్ ఎక్కించింది. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, కాసేపటికి గొంతు వదులైంది. దద్దుర్లకు పనిచేసే మందు గొంతు వాపును, పడిపోయే బీపీని ఆపలేదట. తగ్గింది కదా, ఇంటికి పోతామంటే ఒప్పుకోలేదు. కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టొచ్చని రాత్రంతా ఉంచింది.

సకినానికి దురదతో పోయింది, సద్దికి ఇంత ఎందుకైంది? సకినంలో నువ్వులు కొన్నే, అవీ గింజలుగానే ఉంటాయి. సద్దిలో దంచిన పొడి, అందులోని ప్రొటీన్ ఒంటికి తొందరగా అందుతుంది. పైగా అంతసేపు ఆడిన అలసట కూడా అలర్జీని పెంచుతుందట.

ఆరు వారాల తర్వాత ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో గీరే పరీక్ష చేశారు. దానికి వారం ముందే అలర్జీ గోలీలు మానాలి. పావుగంటకు నువ్వుల చుక్క దగ్గర 9 మిల్లీమీటర్ల పొంగు లేచింది. 3 వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. పల్లీ చుక్క చప్పుడు చేయలేదు, బతికిపోయాను.

అసలు తిప్పలు ఇంటికొచ్చాక మొదలయ్యాయి. పచ్చిపులుసులో నువ్వుల పొడి, గుత్తి వంకాయలో నువ్వులు, తొక్కులో గానుగ నూనె. ప్యాకెట్ల మీద చూద్దామంటే, 2020 నాటి మన లేబుల్ నియమాల అలర్జీ జాబితాలో పల్లీలు, పాలు, గోధుమలు ఉన్నాయి, నువ్వులు లేవు. అమెరికాలో 2023 నుంచి చేర్చారు. అందుకే సరుకుల పట్టీ మొత్తం చదువుతాను. సంచిలో అడ్రినలిన్ ఆంప్యూళ్లు, సిరంజీలు, ఎంత ఎక్కించాలో డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఉంటాయి. మా ఆయన సూది వేయడం నేర్చుకున్నాడు. ఓరుగల్లు ఎండకు మందు పాడవుతుందని బండి డిక్కీలో మాత్రం పెట్టం.

"జరంత తింటే ఏం గాదు" అనేవాళ్లతో వాదించడం మానేశాను. సంక్రాంతికి అత్తమ్మ కొత్త నూనెలో ముందు నావే కాలుస్తుంది, వాము ఒక్కటే వేసి. "నువ్వుల్లేని సకినం గూడ సకినమేనా" అని గొణుక్కుంటూనే డబ్బా మీద నా పేరు రాయిస్తుంది. మొన్న ఆ డబ్బాలో సగం ఖాళీ చేసింది కూడా ఆమే.