రెండో గేరు దాటని కారు

పొద్దున ఆరున్నరకే ఫోన్. ఆ టైమ్‌లో మోగితే ఊర్లో ఎవరికో ఏదో అయిందని గుండె దడ. చూస్తే అమెరికాలోని ఆస్టిన్ నుంచి బామ్మర్ది. వాడికి అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది. పిల్లలు పడుకున్నట్టున్నారు, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"బావా, రెండు కార్లు ఫైనల్ చేసిన. రెండిట్ల ఏదో నువ్వు చెప్పు."

ఒకటి సెకండ్ హ్యాండ్ పోర్షా 718 కేమన్ జీటీ4. ఇంకోటి షెవర్లే కార్వెట్ సీ8, జడ్51 అనే పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నది. వారమంతా ఆఫీసుకు నడుపుతాడట, నెలకో రెండు నెలలకో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అనే రేస్ ట్రాక్ మీద తిప్పుతాడట. ఆ ట్రాక్ వాడింటికి అరగంట దూరం.

నల్లగొండలో వీల్ అలైన్‌మెంట్ షాపు పెట్టుకున్నవాణ్ని ఈ మాట అడగడం, బత్తాయి రైతును పట్టుకుని ఆపిల్ పంట గురించి అడిగినట్టే. అయినా అడిగినందుకు సంబరమే. ఆ రెండు కార్ల వీడియోలు రాత్రిళ్లు నేను చూసినన్ని వాడు కూడా చూసి ఉండడు. కూర్చోవడం మాత్రం ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. సాయంత్రం చెప్తానని పెట్టేశాను.

మా ఆవిడ టీ ఇస్తూ "ఎంతంట?" అంది. పోర్షా కొత్తగా వచ్చినప్పుడు అక్కడ 99,200 డాలర్ల నుంచి మొదలు, కార్వెట్ అరవై వేలకు కొంచెం లోపు నుంచి అని చెప్పాను. రూపాయల్లోకి తనే మార్చుకుంది, ముఖం మారింది. "వెనక సీటుంటదా?" రెండిట్లోనూ ఉండదు. "మరి మా అమ్మ పోతే ఎక్కడ కూసుంటది?" అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆ కార్లలో కూర్చోవడమంటే పీట మీద కూర్చోవడమే, దిగేటప్పుడు ఇద్దరు పట్టుకుని లేపాలి. వాళ్లింట్లో పెద్ద బండి ఇంకోటి ఉందిగా అన్నాను. వినలేదు.

షాపు తీసేసరికి దేవరకొండ టాక్సీ ఒకటి నిలబడి ఉంది. స్టీరింగ్ ఎడమకు గుంజుతోందట. ముందు ఎడమ టైరు బయటి నుంచి చూస్తే కొత్తదే. చెయ్యి లోపలికి పెట్టి అంచు తడిమితే వేలికి తీగ గుచ్చుకుంది. టైరు విప్పి దొర్లించి చూపిస్తే డ్రైవర్ నోరు తెరిచాడు. "మొన్ననే ఏసిన టైర్లన్నా!" ఎక్కడో గుంతలో గట్టిగా పడ్డాడు, చక్రాన్ని తిప్పే టై రాడ్ వంగింది, టో పోయింది, అంటే చక్రం తిన్నగా ముందుకు చూడటం లేదు. రోజూ చూసేదే.

ఈరోజు మాత్రం ఆ టైరు చూస్తుంటే బామ్మర్ది కారే గుర్తొచ్చింది. ట్రాక్ కోసం కారును సెట్ చేసేటప్పుడు ముందు చక్రాల పైభాగాన్ని కావాలనే లోపలికి వాలుస్తారు. మలుపులో బండి ఒరిగినప్పుడు టైరు మొత్తం నేలకు ఆనుతుంది. మామూలు కార్లలో ఈ క్యాంబర్ ఒక డిగ్రీ కూడా ఉండదు, ట్రాక్ వాళ్లు రెండు నుంచి మూడు డిగ్రీల దాకా పెడతారు. అదే సెట్టింగుతో రోజూ తిన్నటి రోడ్డు మీద ఆఫీసుకు పోతే లోపలి అంచు అరుగుతుంది. నిజానికి క్యాంబర్ కంటే టో ఎక్కువ తింటుంది గానీ, రెండూ కలిస్తే ఇదిగో, ఈ టాక్సీ టైరే.

పదకొండు గంటలకు ఎండ దంచుతోంది. మే నెలలో మా నల్లగొండ సంగతి చెప్పేదేముంది. బత్తాయిల లోడుతో పికప్ ఒకటి వచ్చింది. డ్రైవర్ దిగకుండానే, "అన్నా, ఎండలు ముదిరినయ్, గాలి అయిదు పాయింట్లు తగ్గియ్" అన్నాడు. ప్రతి ఎండాకాలం ఇదే పంచాయితీ. గాలి తగ్గిస్తే టైరు పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, లోడు మీద పేలేది అట్లాగే. కంపెనీ చెప్పినంత పెట్టు, పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకో అని చెప్పాను. నమ్మలేదు. పక్క షాపులో తగ్గించుకునే ఉంటాడు.

తమాషా ఏంటంటే, ట్రాక్ మీద తగ్గించమనే అంటారు. అక్కడ రెండు మూడు రౌండ్లకే టైరు బాగా వేడెక్కి ప్రెషర్ ఆరేడు పాయింట్లు పైకి పోతుంది, అందుకే చల్లగా ఉన్నప్పుడు తక్కువ పెట్టి బయల్దేరతారు. ఇంటికొచ్చేముందు మళ్లీ కొట్టించుకోవాలి. ఒకే కారు రెంటికీ కావాలని బామ్మర్ది అంటున్నాడు గానీ, ఒకే గాలి కూడా రెంటికీ పనికిరాదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషీన్ ఆగింది, పిల్లగాడు టైర్ల మీద నిద్రపోయాడు. డైరీ వెనక పేజీలో లెక్కలు వేస్తూ కూర్చున్నాను.

జీటీ4లో నాలుగు లీటర్ల ఇంజిన్, ఆరు సిలిండర్లు, టర్బో లేదు, 414 హార్స్‌పవర్, 8000 ఆర్పీఎం దాకా, అంటే నిమిషానికి 8000 చుట్ల దాకా, పాడుకుంటూ పోతుంది. వాడు చూసింది మాన్యువల్. కార్వెట్‌ది 6.2 లీటర్ల వీ8, 495 హార్స్‌పవర్. 1953 నుంచి ఇంజిన్ ముందే పెట్టుకుని వచ్చిన బండి, ఈ సీ8తో 2020 మోడల్‌లో సీట్ల వెనక్కి జరిపారు. క్లచ్ పెడల్ లేదు, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ డ్యూయల్ క్లచ్ ఒక్కటే. సున్నా నుంచి గంటకు 60 మైళ్లకు 2.9 సెకన్లు. పోర్షా నాలుగు సెకన్లు దాటిస్తుంది. కాగితం మీద చూస్తే కార్వెట్టే, ఇంకా మాటే లేదు. కానీ కార్వెట్ బరువు దాదాపు 200 కిలోలు ఎక్కువ. ఆ ట్రాక్‌లో మొదటి మలుపే గుట్ట ఎక్కినట్టు పైకి ఎక్కుతుంది. అవతల కిలోమీటరు దాకా తిన్నటి రోడ్డు, చివర బ్రేక్ మీద నిలబడాలి. ఎక్కువ బరువు, ఎక్కువ వేగంతో వచ్చి ఆగాలంటే పాపం బ్రేకులదే పని.

బ్రేకంటే నాకు శ్రీశైలమే గుర్తొస్తుంది. ఆరేళ్ల కింద మా పాత కారులో ఇంటిల్లిపాదీ పోయాం. మన్ననూరు దాటి అడవంతా హాయిగా సాగింది. దోమలపెంట తర్వాత డ్యామ్ వైపు దిగే మలుపుల్లో కాలు బ్రేక్ మీదే పెట్టి దింపుతున్నాను. నాలుగైదు మలుపులయ్యాక పెడల్ మెత్తబడింది, దూదిలో కాలు పెట్టినట్టు. రెండో గేరులో వేసి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెం లాగుతూ పక్కకు ఆపాను. మా ఆవిడకు ఇప్పటికీ బండి వేడెక్కిందనే తెలుసు. తప్పు బండిది కాదు, బ్రేక్ ఆయిల్ నాలుగేళ్లు మార్చని నాది. ఆ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ లెక్క 155కు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ ఆ బుడగలనే నొక్కుతుంది, డిస్కును కాదు. ఈ రెండిట్లో ఏది కొన్నా మొదట బ్రేక్ ఆయిల్ మార్చమని పేజీ పైన రాసి కింద గీత గీశాను.

లెక్కలన్నిట్లో నన్ను ఆపింది మాత్రం జీటీ4 రెండో గేరు. 8000 దాకా లాగితే ఆ ఒక్క గేరులోనే గంటకు 85 మైళ్ల దగ్గరికి పోతుంది, మన లెక్కలో దాదాపు 137 కిలోమీటర్లు. టెక్సస్ హైవేల మీద మామూలు లిమిట్ 70, 75 మైళ్లు. అంటే రోడ్డు మీద ఆ ఇంజిన్ పూర్తి గొంతు విప్పేది మొదటి గేరులో, రెండో గేరులో కొంతవరకు. తర్వాత పోలీసు లైట్లే. అంత ఖర్చు పెట్టి మూడో గేరును పూర్తిగా లాగడం ట్రాక్ మీద మాత్రమే. ఆదివారం అన్నానికని బియ్యం కొని వారమంతా మూట కట్టి పెట్టినట్టు.

రాత్రి ఎనిమిదికి మళ్లీ చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. రోజూ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేవు. జడ్51తో వచ్చే టైర్లు రోడ్డు టైర్లే, వాన పడ్డా నడుస్తాయి. జీటీ4కు వేసే కప్ టైర్లు ట్రాక్ కోసం చేసినవి, తడి రోడ్డు మీద భయపెడతాయి. మిగిలిన డబ్బుతో బ్రేక్ ప్యాడ్లు, రెండు సెట్ల టైర్లు, నేర్పే మనిషి ఫీజు, ట్రాక్ రోజులకు విడిగా ఇన్సూరెన్స్. అక్కడ మామూలు పాలసీలు చాలావరకు ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వవు. "కార్వెట్ తీస్కోరా" అన్నాను. నాకు మాత్రం మనసు పోర్షా మీదే ఉందని చెప్పలేదు.

అవతల కాసేపు చప్పుడు లేదు.

"నువ్వన్నది కరెక్టే బావా. కానీ ఆ జీటీ4 సౌండ్ ఇన్నవా ఎప్పుడన్నా?"

"ఇన్న."

"శనివారం పోయి చూసొస్తా."

ఏది అని అడగలేదు, అడిగే అవసరం లేదు. పెట్టేసే ముందు అన్నాడు: "అక్కకు మాత్రం కార్వెట్ అనే చెప్పు."

వంటింట్లోంచి కేక: "ఏది కొంటడంట?"

"కార్వెట్" అన్నాను. ఆమె ఈ డైరీ చదవదు.