జరిగిన పెళ్ళి జరగలేదంటే ఎలాగండీ

స్పైడర్‌మ్యాన్ కామిక్స్ చదివేవాళ్ళు ఇద్దరు ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తుంది, 2007లో వచ్చిన వన్ మోర్ డే అనే కథ. ఇన్నేళ్ళ తర్వాత దాని మీద ఇంకేటుంది రాయడానికి అంటారేమో, కానీ ఈ మధ్య స్పైడర్‌మ్యాన్‌ని వేసే మార్వెల్ కంపెనీవి చదివినా, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లని వేసే డీసీ కంపెనీవి చదివినా నాకు చిరాకు తెప్పించే ప్రతీదీ పట్టుకుని వెనక్కి వెళ్తే అక్కడికే చేరుతోంది. అందుకే రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది.

తెలియనివాళ్ళకి సంగతి ఏటంటే, పీటర్ పార్కర్‌కీ, అదే ముసుగు తీసిన స్పైడర్‌మ్యాన్‌కీ, అతను ప్రేమించిన మేరీ జేన్‌కీ 1987లో పెళ్ళయింది. ఇరవై ఏళ్ళు ఆ కాపురం నడిచింది. కొట్టుకున్నారు, తిట్టుకున్నారు, పుట్టాల్సిన బిడ్డని పోగొట్టుకున్నారు, కొన్నాళ్ళు విడిగా ఉండి మళ్ళీ కలిశారు. అలాంటిది, పీటర్‌ని పెంచిన మే ఆంటీకి తుపాకీ గుండు తగిలి చావుబతుకుల్లో ఉంటే మెఫిస్టో అని ఒక సైతాను వచ్చి, ఆవిడని బతికిస్తాను, దానికి బదులు మీ పెళ్ళి నాకిచ్చేయండి అంటాడు. వీళ్ళు ఇచ్చేస్తారు. తెల్లారి పీటర్ నిద్ర లేచేసరికి ఆ పెళ్ళి అసలు జరగనే లేదు, లోకంలో ఎవరికీ గుర్తు లేదు.

బయట జరిగింది ఏటంటే, అప్పటి మార్వెల్ ఎడిటర్ ఇన్ చీఫ్ జో కెసాడాకి పెళ్ళయిన పీటర్ మొదట్నుంచీ ఇష్టం లేదు. పెళ్ళయితే వయసు మీద పడినట్టు ఉంటాడు, విడాకులిప్పిస్తే ఇంకా పెద్దాడైపోతాడు, కాబట్టి పెళ్ళినే లేకుండా చేసేద్దాం, ఇదీ ఆయన లెక్క, దాన్ని ఆయన ఎప్పుడూ దాచుకోలేదు కూడా. బొమ్మలు కూడా ఆయనే వేశాడు. రాసిన స్ట్రాజిన్‌స్కీ అయితే చివరి రెండు ఇష్యూల (నెలనెలా వచ్చే సన్న పుస్తకాల) మీద నా పేరు తీసేయండి అందామనుకున్నానని తర్వాత తనే బయటకి చెప్పుకున్నాడు. రాసినవాడికే మింగుడు పడనిది చదివేవాడికి ఎలా పడుతుందండీ.

నా బాధ పెళ్ళి పోయిందని కాదు. కథల్లో పెళ్ళిళ్ళు పోతాయి, మనుషులు పోతారు, పోవాలి కూడా. 1973లో పీటర్ అప్పటి ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోయిన ఇష్యూ తీసి చూడండి, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121, జెర్రీ కాన్వే రాసింది, గిల్ కేన్ బొమ్మలు. గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ గ్వెన్‌ని వంతెన మీంచి తోసేస్తాడు, పీటర్ వల విసిరి ఆమె కాళ్ళు పట్టుకుంటాడు, హమ్మయ్య పట్టేశాను అనుకుంటాడు. ఆ ప్యానెల్‌లో ఆమె మెడ పక్కన చిన్న అక్షరాలతో స్నాప్ అని ఒక చప్పుడు రాసుంటుంది. అంతే. మొదటిసారి చదివినప్పుడు కన్ను దాన్ని దాటుకుని వెళ్ళిపోతుంది. పీటర్ ఆమెని పైకి లాగుతూ తన గొప్ప తను చెప్పుకుంటూ ఉంటాడు, పైకి వచ్చాక తెలుస్తుంది. అప్పుడు మనం వెనక్కి వెళ్ళి ఆ చిన్న మాట మళ్ళీ చూస్తాం, చంపింది పడిపోవడమా, తను విసిరిన వలా అని. మా విశాఖ మావయ్య పాత పుస్తకాల బండి మీద కొనుక్కొచ్చిన రీప్రింట్‌లో నేను అది చదివాను, అట్ట కూడా లేదు దానికి. అసలు గ్వెన్‌ని ఆ తర్వాత దశాబ్దాల తరబడి తిరిగి తేలేదు, క్లోన్లు వచ్చాయి, వేరే లోకాల గ్వెన్‌లు వచ్చారు, కానీ ఆ వంతెన దగ్గర జరిగింది మాత్రం జరిగినట్టే ఉంచారు. అందుకే యాభై ఏళ్ళు దాటినా అది తగులుతుంది.

జరిగిందాన్ని జరగలేదంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అలా అన్నాక పాఠకుడు దేన్ని నమ్మి ఏడవాలి, దేన్ని చూసి సంతోషపడాలి?

చావులదీ అదే కథ. సూపర్‌మ్యాన్‌ని 1992లో చంపారు, 93లో లేపారు, అదైనా ఒక పెద్ద కథగా నడిపారు, సరే. కానీ బ్యాట్‌మ్యాన్ పక్కనుండే కుర్రాడు రాబిన్, ఆ వేషం వేసిన రెండోవాడు జేసన్ టాడ్ సంగతి చూడండి. 1988లో ఇతన్ని ఉంచాలా చంపాలా మీరే ఫోన్ చేసి చెప్పండి అని డీసీ వాళ్ళు పాఠకుల్ని అడిగారు, చంపమని 5,343 ఫోన్లు, ఉంచమని 5,271. అంత తక్కువ తేడాతో ఒక కుర్రాడు పోయాడు, బ్యాట్‌మ్యాన్ ఆ బరువు ఏళ్ళ తరబడి మోశాడు, అతని డ్రెస్సు గుహలో గాజు పెట్టెలో పెట్టుకుని మరీ మోశాడు. 2005లో జేసన్‌ని బతికించి తెచ్చారు. కొత్త జేసన్ కథల్లో బాగున్నవి ఉన్నాయి, కాదనను, కానీ ఆ గాజు పెట్టె ముందు బ్యాట్‌మ్యాన్ నిలబడిన పాత పేజీలు ఇప్పుడు తిరగేస్తే ఆ బరువు తగ్గిపోయింది.

ఇక 2023లో మిస్ మార్వెల్, మన కమలా ఖాన్‌ని చంపారు. ఆ పిల్ల సొంత సిరీస్ 2014లో మొదలైంది, ఇంట్లో అమ్మానాన్నల చాదస్తం, మసీదు, కజిన్లు, పెళ్ళిళ్ళు, మన ఇళ్ళల్లో పిల్లలకి ఉండే గొడవలన్నీ ఆ పిల్లకీ ఉంటాయి, అందుకే మా ఇంట్లో ఆడపిల్లలు కూడా కూర్చుని చదివిన ఒకే ఒక్క సూపర్‌హీరో ఆమె. ఆ పిల్లని తన పుస్తకంలో కాదు, స్పైడర్‌మ్యాన్ పుస్తకంలో, మేరీ జేన్ వేషంలో ఉండగా చంపేశారు. కుటుంబం దగ్గర లేదు, తన ఊరు లేదు. రెండు నెలలు తిరక్కుండానే ఎక్స్‌మెన్ పుస్తకంలో బతికించేశారు. చంపడానికీ కథ అక్కర్లేదు, లేపడానికీ కథ అక్కర్లేదు, కవర్ మీద నల్ల అంచు వేసి అమ్ముకోవడానికి ఒక నెల కావాలి. ఆ పిల్లని ప్రేమించి చదివినవాళ్ళని పట్టుకుని చేసిన అవమానం ఇది, నేనిలాగే చూస్తాను.

ఇప్పుడు నంబర్ల గొడవ. బరంపురంలో ఉండి కామిక్స్ చదవడం అంటే ఏటో తెలుసా, గిరి రోడ్డు పుస్తకాల షాపుల్లో గైడ్లూ, ఒడియా మీడియం టెక్స్ట్‌బుక్కులూ, కాంపిటీటివ్ ఎగ్జామ్ పుస్తకాలే, కాబట్టి మనకి ఆన్‌లైనే గతి, కొన్ని ఇష్యూలు కలిపి కుట్టిన కలెక్షన్ ఒక్కోటి వెయ్యి దాటుతుంది, ఒక్కోటి రెండువేలు. అంత పెట్టి కొనేటప్పుడు ఎక్కడ మొదలెట్టాలో తెలియాలి కదా. కిందటి ఠాకురాణి యాత్రకి మా పిన్ని కొడుకు విజయనగరం నుంచి వచ్చి నా బీరువా ముందు కూర్చున్నాడు. వాడు జపాన్ మాంగా చదివే పిల్లాడు, ఒకటి, రెండు, మూడు అని పుస్తకం వీపు మీద నంబరు చూసి తీసుకోవడం వాడికి అలవాటు.

"అన్నయ్యా, ఇదీ ఒకటే, అదీ ఒకటే, ఏది ముందు?"

"ఆగరా, నేనిస్తాను."

"పుస్తకం మీద రాయరేటి?"

రాయరు. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ మొదటి నంబరు 1963లో వచ్చింది, అక్కడ్నుంచి 441 దాకా వెళ్ళి, 1999లో మళ్ళీ ఒకటి అన్నారు. 58 దాకా వచ్చి 2003లో పాతవన్నీ కలిపి 500 అన్నారు. 2012 చివర్లో 700తో ఆపారు, 2014లో ఒకటి, 2015లో ఒకటి, 2018లో ఒకటి, 2022లో ఒకటి, 2025లో ఇంకొకటి. ఒకటి అని రాస్తే ఆ నెల అమ్మకం పెరుగుతుంది, దుకాణాలు ఎక్కువ తెప్పించుకుంటాయి, ఒకే ఇష్యూకి పది రకాల కవర్లు వేస్తే ఒకే మనిషి రెండు మూడు కొంటాడు, ఇదంతా నాకు అర్థమవుతుంది. కానీ మా తమ్ముడు లాంటి కొత్త పిల్లాడు ఆ బీరువా ముందు నుంచి లేచి మాంగా వైపు వెళ్ళిపోతే ఏ కంపెనీకి లాభం? అమెరికాలోనే సన్నటి ఇష్యూ ఒక్కోటి నాలుగు ఐదు డాలర్లు, దానికి తోడు చాలా పుస్తకాల హీరోలని కలిపి నడిపే పెద్ద కథ, ఈవెంట్ అంటారు, వచ్చిందంటే మన కథ సగంలో ఆగి వేరే పుస్తకంలోకి వెళ్ళిపోతుంది, అది కొనకపోతే తర్వాతి నెల హీరో చేతికి కట్టు ఎందుకుందో తెలీదు.

డీసీ వాళ్ళు కూడా తక్కువేం తినలేదు. సూపర్‌మ్యాన్‌కీ లోయిస్‌కీ 1996లో పెళ్ళి చేశారు, 2011లో న్యూ 52 అని 52 పుస్తకాలు ఒకేసారి ఒకటో నంబరుతో మొదలుపెట్టి ఆ పెళ్ళి తుడిచేశారు. తర్వాత తప్పు తెలిసొచ్చినట్టుంది, 2016లో రీబర్త్ అని పాత జంటనే, కొడుకు జాన్‌తో సహా, తెచ్చి పెట్టారు. టొమాసీ, గ్లీసన్ చేసిన ఆ రెండేళ్ళ సూపర్‌మ్యాన్ నాకు ప్రాణం. పదేళ్ళ కొడుకుని పెంచుకుంటున్న తండ్రి, పొలం మధ్యలో ఇల్లు, అబద్ధం చెప్పకూడదని పిల్లాడికి చెప్తూ తనెవరో ఊళ్ళోవాళ్ళ దగ్గర దాచుకోవాల్సిన ఇరకాటం. మా బావ కామిక్స్ మనిషే కాదు, అది మాత్రం వాళ్ళబ్బాయికి రాత్రిళ్ళు తెలుగులో చెప్పుకుంటూ చదివి వినిపించాడు. 2018లో రైటర్ మారాడు, జాన్‌ని తాతతో అంతరిక్షానికి పంపి, తిరిగొచ్చేసరికి పదిహేడేళ్ళవాణ్ణి చేసేశారు. ఆ మధ్య ఏడేళ్ళు తండ్రీ కొడుకులకి లేకుండా పోయాయి, మనకీ లేకుండా పోయాయి. మా మేనల్లుడు "మరి చిన్న జాన్ ఏడీ" అని అడిగితే మా బావ నాకు ఫోన్ చేశాడు, నేనేం చెప్పను?

పెళ్ళయిన హీరో అమ్ముడుపోడు అన్న మాట అబద్ధమని మార్వెల్ వాళ్ళే రుజువు చేశారు, అదింకా కోపం. 2024 జనవరిలో హిక్‌మన్ రాసి చెకెట్టో బొమ్మలేసిన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ వచ్చింది. వేరే లోకం కథ, అందులో పీటర్‌కి ముందే మేరీ జేన్‌తో పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, గడ్డం పెరిగిన మనిషి, ఆ వయసులో సాలీడు కుడుతుంది. మొదటి ఇష్యూ మళ్ళీ మళ్ళీ ప్రింట్ వేయాల్సొచ్చింది. జనానికి కావలసింది ఏటో అంత స్పష్టంగా తెలిసాక కూడా అసలు పుస్తకంలో పీటర్‌ని అద్దె కట్టలేని బ్రహ్మచారిగానే తిప్పుతూ వచ్చారు, మేరీ జేన్‌ని తీసుకెళ్ళి పాల్ అనేవాడి పక్కన పెట్టారు.

నాకు మార్పు వద్దనిపించదు, పాతదే కావాలని కూడా అనను. మార్చండి, కానీ మార్చిందాని పక్కన నిలబడండి. ఇన్విన్సిబుల్ చూడండి, మార్క్ అనే కుర్ర సూపర్‌హీరో కథ, కిర్క్‌మన్ ఒక్కడే రాశాడు, 2003లో మొదలై 2018లో 144వ ఇష్యూతో అయిపోయింది. మార్క్ పెరుగుతాడు, పెళ్ళి చేసుకుంటాడు, తండ్రవుతాడు, దెబ్బ తగిలితే ఆ దెబ్బ ఉంటుంది. ఎరిక్ లార్సెన్ 1992 నుంచి సావేజ్ డ్రాగన్ నడుపుతూనే ఉన్నాడు, అందులో మనుషులకి మనతో పాటే వయసొస్తుంది. కంపెనీ ఆస్తి అయిన క్యారెక్టర్‌కి అంత స్వేచ్ఛ ఉండదని నాకూ తెలుసు, స్పైడర్‌మ్యాన్ లంచ్ బాక్సుల మీదా, స్కూల్ బ్యాగుల మీదా ఉండాలి, సినిమాకి రెడీగా ఉండాలి. ఉండనీండి. ఆ బ్యాగు మీద బొమ్మకి పెళ్ళయిందో లేదో ఏ పిల్లాడూ అడగడు.

ప్రస్తుతానికి నేను చేస్తున్నది ఇది, నడుస్తున్న సిరీస్ ఏదీ ముందే ఆర్డర్ పెట్టట్లేదు, ఒక రైటర్ మొదలుపెట్టి తనే ముగించిన కథలే కొంటున్నా. మా తమ్ముడికి ఇన్విన్సిబుల్ కాంపెండియం, అంటే చాలా ఇష్యూలు కలిపిన లావు పుస్తకం, మొదటిది ఇచ్చి పంపాను, మూడే పుస్తకాలు, వీపు మీద ఒకటి, రెండు, మూడు అని ఉంటుంది. వాడు రెండోది అడుగుతున్నాడు. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు మనవాళ్ళు ఎవరైనా కామిక్స్ చదివేవాళ్ళుంటే కామెంట్ పెట్టండి, రీబర్త్ సూపర్‌మ్యాన్ వాల్యూములు నా దగ్గర మొత్తం ఉన్నాయి, చిన్న పిల్లలున్న ఇంటికైతే ముందు ఇస్తాను, జాన్ పెద్దాడైపోయే పుస్తకం మాత్రం నేను కొనలేదు.